వంటింటి మరమ్మతు – రోజుల లెక్క



"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు పెద్దలు. కట్టిన ఇంటిని బాగుచేయించడం ఈ రెంటికీ ఏమీ తీసిపోదు. కొత్త ఇల్లు కట్టేటప్పుడు మనం వేరేచోట కాపురం ఉంటాం. మరమ్మతు అలా కాదు. ఒకపక్క సుత్తిదెబ్బలు పడుతూనే ఉంటాయి, ఇంకోపక్క అన్నం ఉడుకుతూనే ఉండాలి. పిల్లలు బడికీ, పెద్దవాళ్ళు ఉద్యోగాలకీ వేళకి బయలుదేరాలి. రెండు వారాలన్న పని రెండు నెలలకి సాగితే ఆ అవస్థంతా పడేది ఇల్లాలే. అందుకని మరమ్మతుకి ఎన్ని రోజులు పడుతుందో ముందుగా ఎలా లెక్క వేసుకోవాలో ఈ వేళ చెప్పుకుందాం. ఫ్లాటులో ఒక మామూలు వంటిల్లు ఉదాహరణగా తీసుకుందాం. పాత వంటగట్టు తీసేసి కొత్తది కట్టడం, పైపులు, వైర్లు మార్చడం, గోడలకీ నేలకీ టైల్స్, కింద అరలు, చివర రంగులు – ఇదీ పని.

మేస్త్రీని పిలిచి అడిగితే "రెండు వారాల్లో తేల్చేస్తానమ్మా" అంటాడు. అతను అబద్ధమాడటం లేదు. తన చేతిపని ఎన్ని రోజులో అంతే చెబుతున్నాడు. ప్లంబరు తన రెండు రోజులు చెబుతాడు, వడ్రంగి తన ఆరు రోజులు చెబుతాడు. సిమెంటు గట్టిపడే రోజులు ఎవరి లెక్కలోనూ ఉండవు. ఒకరు వెళ్ళి ఇంకొకరు రావడానికి పట్టే రోజులు కూడా ఎవరూ చెప్పరు. ఆ లెక్క వెయ్యవలసింది మనమే. ఎందుకంటే పని మొత్తాన్ని మొదటినుంచి చివరిదాకా చూసేది మనం ఒక్కళ్ళమే కదా!

ఒక నోటు పుస్తకం తీసుకుని ఇలా రాసుకోండి. సామాను ఖాళీ చెయ్యడానికి 1 రోజు. పాతది పగలగొట్టి, ఆ ఇటుకముక్కలు, మట్టి బయటికి పంపడానికి 3 రోజులు. గోడల్లో గాడులు కొట్టి పైపులు, వైర్లు వెయ్యడానికి 3 రోజులు. గట్టు గోడలు కట్టి, కడప బండ పరిచి, గాడులు పూడ్చి సిమెంటు పూత పుయ్యడానికి 2 రోజులు. ఆ పూతని తడపడానికి 7 రోజులు. గిన్నెలు తోముకునే వాష్ ఏరియాలో నీరు దిగకుండా మందు పూసి, నీళ్ళు నిలిపి పరీక్ష చెయ్యడానికి 4 రోజులు. గట్టు మీద గ్రానైటు పరచడానికి 2 రోజులు. టైల్స్ వెయ్యడానికి 4 రోజులు, అవి పట్టుకున్నాక మర్నాడు సందులు నింపడానికి 1 రోజు. వడ్రంగానికి 6 రోజులు. రంగులకి 4 రోజులు. కడిగి సర్దుకోవడానికి 2 రోజులు.

కూడితే 39 రోజులు! ఇందులో మేస్త్రీ చేతిపని ఎంతో చూడండి. పగలగొట్టడం 3, గట్టూ పూతా 2, మందు రెండు దఫాలు పుయ్యడం 2, గ్రానైటు 2, టైల్స్ 4, సందులు 1 – సరిగ్గా 14 రోజులు. అతను చెప్పిన రెండు వారాలు ఇవే. మధ్యలో పనివాళ్ళు రాని ఆదివారాలు ఓ అయిదు కలపండి. 44 అవుతుంది. అనుకోని వాటికి, అంటే గోడ లోపల పాత పైపు తుప్పుపట్టి కనిపించడం, ఎలక్ట్రీషియను ఇంట్లో శుభకార్యం రావడం, కొన్న టైల్స్ చాలకపోవడం లాంటివాటికి అయిదింట ఒకవంతు, అంటే 9 రోజులు వదలండి. 53. ఏడున్నర వారాలు దాటింది. కనుక ఎనిమిది వారాలు అనుకుని మొదలుపెడితే మనసు నిబ్బరంగా ఉంటుంది. మీ వంటిల్లు చిన్నదైతే రోజులు తగ్గుతాయి, పెద్దదైతే పెరుగుతాయి. లెక్క వేసే పద్ధతి మాత్రం ఇదే.

పని ఆలస్యమవుతుంటే ఏవో రోజులు తగ్గించాలనిపిస్తుంది. అయితే వేటిని తగ్గించవచ్చు, వేటిని తగ్గించకూడదు అన్నది తెలిసి ఉండాలి. తడిపే రోజుల్ని ముట్టుకోకండి. సిమెంటు ఎండి గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది నీటితో కలిసి గట్టిపడుతుంది. తడి ముందే ఆరిపోతే పూత నెర్రెలిచ్చి, తడితే డొల్లుగా మోగుతుంది. దాని మీద వేసిన టైల్సూ ఊడివస్తాయి. గట్టుకి కడప బండ బదులు కాంక్రీటు పలక పోయిస్తే ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. కాంక్రీటు గురించిన భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 456 ఉంది. 2000లో సవరించిన ఆ ప్రమాణంలో, మామూలు సిమెంటయితే కనీసం 7 రోజులు, బూడిద వగైరాలు కలిపిన సిమెంటయితే కనీసం 10 రోజులు తడపాలని ఉంది. బస్తా మీద పి.పి.సి. అని రాసి ఉంటే అది రెండో రకం. అప్పుడు మన లెక్కకి ఇంకో మూడు రోజులు కలుపుకోవాలి.

నీళ్ళు నిలిపే పరీక్ష కూడా అంతే. మందు పూసి ఆరాక నీరు పోయే దారి మూసి, రెండంగుళాల నీళ్ళు రెండు రోజులు నిలిపి ఉంచాలి. కింది ఫ్లాటువారికి ముందుగా చెప్పి, వాళ్ళ కప్పు చూసి రావాలి. చెమ్మ కనిపిస్తే అప్పుడే బాగుచేయించుకోవచ్చు. ఈ రెండు రోజులూ మిగుల్చుకున్నామని సంతోషిస్తే, వేసిన టైల్స్ మళ్ళీ పగలగొట్టవలసి వస్తుంది. కిందివాళ్ళతో మాటపట్టింపులు సరేసరి. పైపులు కూడా గాడులు పూడ్చకముందే ఒక రాత్రంతా నీళ్ళతో నింపి, తెల్లారి అతుకుల దగ్గర చెయ్యి పెట్టి చూడండి.

మరి తగ్గించగలిగింది ఏమిటి? మన ఆలోచనలకి పట్టే రోజులు. పని ఆగిపోవడానికి పనివాళ్ళే కారణమనుకుంటాం గాని, సగంసార్లు కారణం మనింట్లోనే ఉంటుంది. సింకు కొంటే గాని గ్రానైటులో ఎంత కన్నం కొయ్యాలో తెలియదు. ఫ్రిజ్జు, మిక్సీ, గ్రైండరు, చిమ్నీ ఎక్కడెక్కడో తేల్చుకుంటే గాని ఎలక్ట్రీషియను గాడి కొట్టలేడు. కుళాయి గోడకా, గట్టుకా అన్నది ప్లంబరు వచ్చాక ఇంటిల్లిపాదీ కూర్చుని చర్చిస్తే రోజు గడిచిపోతుంది, కూలి పడుతుంది. కాబట్టి మొదటి సుత్తిదెబ్బ పడకముందే మూడు వారాలు కొనడానికి కేటాయించండి. టైల్స్, సింకు, కుళాయిలు ఇంటికి వచ్చాకే పగలగొట్టడం మొదలుపెట్టండి. టైల్స్ పెట్టెల మీద బ్యాచి నంబరు ఒకటేనా అని చూసుకుని, పదింట ఒకవంతు ఎక్కువ తీసుకోండి. తర్వాత కొన్నవాటి రంగు ఒక్కోసారి కలవదు. అపార్టుమెంటు సంఘంవారి అనుమతి, సుత్తి పని చేసుకోదగ్గ వేళలు, మట్టి ఎక్కడ వేయించాలి – ఇవన్నీ కూడా ఈ మూడు వారాల్లోనే తేల్చుకోవాలి. స్తంభం, దూలం జోలికి వెళ్ళే పని ఏదైనా ఉంటే ఇంజనీరుకి చూపించకుండా మేస్త్రీ మాట మీద ఒప్పుకోకండి.

ఇక ఎప్పుడు మొదలుపెట్టాలి? కావలసిన తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టుకోండి. సంక్రాంతికి కొత్త వంటింట్లో అరిసెలు వండాలని ఉందనుకోండి. పండక్కి వారం పదిరోజుల ముందే పనివాళ్ళు ఊళ్ళకి వెళ్ళిపోతారు. అంటే జనవరి 5 నాటికి పని ముగియాలి. అక్కణ్ణించి ఎనిమిది వారాలు వెనక్కి వెళితే నవంబరు 10. అంతకు మూడు వారాల ముందు, అక్టోబరు 20 నాటికి కొనడం మొదలవ్వాలి. దీపావళి అయ్యాక చూద్దాంలే అనుకుంటే ఉగాదికి తేలుతుంది! హైదరాబాదు, వరంగల్లు వైపు వారికి నవంబరు మంచి పొడి నెల. నెల్లూరు, ఒంగోలు వైపు మాత్రం అది వానల కాలం, తుపానుల కాలం. అక్కడివారికి సంక్రాంతి తర్వాత మొదలుపెట్టడమే నయం. అయితే ఇంట్లో పదో తరగతి, ఇంటరు పిల్లలుంటే ఫిబ్రవరి, మార్చి నెలల్లో సుత్తి పట్టించకండి. వేసవి సెలవుల్లో చేయిద్దామంటారా? ఇటీవలి సంవత్సరాల్లో ఆ సెలవులు ఏప్రిల్ 24 ప్రాంతం నుంచి జూన్ 11 దాకా, ఏడు వారాలే ఉంటున్నాయి. ఎండకి పూత తొందరగా ఆరిపోతుంది కనుక రోజుకి మూడు నాలుగుసార్లు తడపాలి. అప్పుడే నీళ్ళకి కరువు. ఇవన్నీ చూసుకుని దిగండి.

ఆ రోజుల్లో ఇంట్లో ఎలా గడపాలన్నది కూడా లెక్కలో భాగమే. గాలి వచ్చే బాల్కనీలోనో, హాల్లో కిటికీ పక్కనో చిన్న వంటపొయ్యి ఏర్పాటు చేసుకోండి. సిలిండరు నిలువుగా ఉండాలి, స్టవ్ దానికన్నా ఎత్తులో ఉండాలి. నాలుగు గిన్నెలు, వారానికి సరిపడా పప్పూ ఉప్పూ బయట ఉంచి మిగతావి పెట్టెల్లో కట్టెయ్యండి. పగలగొట్టే మూడు రోజులూ, పాత రంగు గీకే రోజూ ముసలివాళ్ళనీ, పసిపిల్లల్నీ, కడుపుతో ఉన్నవాళ్ళనీ బంధువుల ఇంటికి పంపండి. దుమ్ముకి ఉబ్బసం ఎక్కువవుతుంది. అదీగాక పాత రంగుల్లో సీసం ఉండవచ్చు. ఇళ్ళకి వేసే రంగుల్లో సీసం పదిలక్షల పాళ్ళలో 90 పాళ్ళు మించకూడదన్న నిబంధన మనదేశంలో 2017 నవంబరు 1 నుంచే అమలులోకి వచ్చింది. అంతకు ముందు వేసిన రంగుని పొడిగా గీకించకండి. తడిపి గీకించి, తడిగుడ్డతో తుడిపించండి.

రంగులు చివరికి పెట్టడంలోనూ ఒక ప్రయోజనం ఉంది. కొత్త పూత లోపలిదాకా ఆరడానికి నెల దాకా పడుతుంది. మన వరసలో మిగతా పనులన్నీ అయ్యేసరికి ఆ నెల దానంతటదే గడిచిపోతుంది. పండక్కి తొందరపడి పచ్చిగోడకి రంగు వేయిస్తే పొక్కులు లేస్తాయి. గడువు ముంచుకొస్తే రంగులు పండగ తర్వాతకి వాయిదా వెయ్యండి. రంగు లేని వంటింట్లో వండుకోవచ్చు గాని, నీరు కారే వంటింట్లో వండుకోలేం కదా!

డబ్బు కూడా రోజుల లెక్క ప్రకారమే ఇవ్వండి. పగలగొట్టడం అయ్యాక కొంత, నీళ్ళ పరీక్ష నెగ్గాక కొంత, టైల్స్ అయ్యాక కొంత, చివరి చిన్నచిన్న పనులన్నీ ముగిశాక మిగిలింది. అలాగని పనిచేసినవాళ్ళని తిప్పించుకోవడం మంచిది కాదు. అన్నరోజున డబ్బు చేతికిచ్చే ఇంటికి పనివాళ్ళు అన్నరోజున వస్తారు.

చివరిగా, గోడ మీద క్యాలెండరులో ఏ రోజు ఏ పనో పెన్సిలుతో రాసుకోండి. పెన్సిలుతోనే ఎందుకంటే అది చెరిపి రాయవలసి వస్తుంది గనుక. ప్రతి ఆదివారం మేస్త్రీకి ఫోను చేసి ఆ వారం పని చదివి వినిపించండి. ఒక పని రెండు రోజులు వెనకబడితే, దాని తర్వాత రావలసిన వడ్రంగికి ఆ రోజే కబురు చెయ్యండి. లేకపోతే అతను ఇంకో పని ఒప్పుకుంటాడు, మన రెండు రోజులు పది రోజులవుతాయి.

ఇంత లెక్క వేసినా పని ఒకటి రెండు రోజులు అటూ ఇటూ అవుతుంది. అయినా, ఈ రోజు ఎందుకు ఆగింది, రేపు ఎవరు రావాలి అన్నది మనకి తెలిసి ఉంటుంది. అప్పుడు ఆగిన రోజు కూడా విసుగు అనిపించదు, ఎవరిమీదా కోపం రాదు. మీ వంటిళ్ళు అనుకున్న వేళకే సిద్ధమై, కొత్త గట్టు మీద పాలు పొంగాలని కోరుకుంటూ సెలవు తీసుకుంటాను.