పాత కారులో చెక్ ఇంజన్ లైటు: కోడ్ నుంచి కారణం దాకా

లక్ష కిలోమీటర్లు దాటిన కారులో డ్యాష్‌బోర్డు మీద పసుపు రంగు ఇంజన్ బొమ్మ వెలగగానే "ఏ పార్టు మార్చాలి?" అని అడిగేవారే ఎక్కువ. ముందు చూడవలసింది లైటు నిలకడగా వెలుగుతోందా, ఆరి వెలుగుతోందా అన్నది. ఆరి వెలుగుతుంటే ఏదో సిలిండర్‌లో పెట్రోలు మండకుండానే బయటికి పోతోందని అర్థం. మెకానిక్‌లు దీన్నే 'మిస్సింగ్' అంటారు. ఆ పెట్రోలు క్యాటలిటిక్ కన్వర్టర్‌లో మండి, తేనెపట్టు వంటి లోపలి దిమ్మను కరిగించగలదు. అప్పుడు వేగం తగ్గించి, వీలైనంత త్వరగా బండి ఆపాలి. లైటు నిలకడగా ఉండి, నడకలో తేడా లేకపోతే షెడ్డుకు తీసుకువెళ్లే వ్యవధి ఉంటుంది.

తర్వాత కోడ్ చదవాలి. అమెరికాలో 1996 మోడళ్ల నుంచి, మన దేశంలో 2013 ఏప్రిల్ నుంచి కార్లకు ఓబీడీ-2 తప్పనిసరి అయింది. స్టీరింగ్ కింద ఉండే 16 పిన్నుల సాకెట్‌కు సాధారణ స్కానర్ సరిపోతుంది. కోడ్‌తోపాటు, లోపం నమోదైనప్పటి వేగం, ఉష్ణోగ్రత వంటి వివరాలను కూడా రాసుకోండి. కోడ్ చెరిపితే అవీ పోతాయి.

పి0301 అంటే ఒకటో సిలిండర్ మిస్ అవుతోందని మాత్రమే తెలుస్తుంది. ప్లగ్గు, కాయిల్, ఇంజెక్టర్, అరిగిన వాల్వు, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. సిలిండర్‌కొక కాయిల్ ఉన్న కారులో ఒకటో కాయిల్‌ను మూడో సిలిండర్‌కు మార్చి, కోడ్ చెరిపి, కొంతదూరం నడపండి. ఈసారి పి0303 వస్తే దోషం కాయిల్‌దే. పి0301 మళ్లీ వస్తే ప్లగ్గుతో అదే పరీక్ష చేసి, ఆపైన కంప్రెషన్ కొలవాలి. ఇందులో పైసా ఖర్చు లేదు!

పి0171 అంటే మిశ్రమంలో గాలి ఎక్కువైందని. స్కానర్‌లో 'ఫ్యూయల్ ట్రిమ్' అంకె ఐడిలింగ్‌లో ఎక్కువగా ఉండి, 2500 ఆర్‌పీఎమ్ దగ్గర తగ్గితే ఎండి పగిలిన వాక్యూమ్ గొట్టాలను అనుమానించాలి. వేగంతోపాటు పెరిగితే పెట్రోలు సరఫరా చూడాలి.

ఎక్కువ డబ్బు వృథా అయ్యేది పి0420 దగ్గర. కన్వర్టర్ పనితనం తగ్గిందన్న ఈ కోడ్ చూడగానే కొత్త కన్వర్టర్ వేయించమనే షెడ్లు చాలా ఉన్నాయి. కంప్యూటర్ నేరుగా కన్వర్టర్‌ను చూడదు. దాని ముందూ వెనకా ఉన్న ఆక్సిజన్ సెన్సార్లను పోలుస్తుంది. పాత కార్లలో ముందు సెన్సార్ 0.1, 0.9 వోల్టుల మధ్య ఊగుతుంటుంది. కన్వర్టర్ బాగుంటే వెనకది దాదాపు నిలకడగా ఉంటుంది. అదీ అలాగే ఊగితే ఈ కోడ్ వస్తుంది. అయితే సెన్సార్ దగ్గర పైపు చిల్లుపడి గాలి చొరబడినా లెక్క తప్పవచ్చు. చల్లటి ఇంజన్ స్టార్టు చేసి, టపటప శబ్దం వస్తోందేమో వినండి. మిస్సింగ్ ఉందేమో, ఆయిల్ తగ్గుతోందేమో కూడా చూడాలి. ఇంజన్ ఆయిల్‌ను తాగుతుంటే అందులోని ఫాస్ఫరస్ కొత్త కన్వర్టర్‌నూ పాడుచేస్తుంది. ఇవేవీ లేవని తేలాకే కన్వర్టర్ మాట ఎత్తాలి.

సెకండ్ హ్యాండ్ కారు కొనేవారు తాళం తిప్పగానే ఈ లైటు వెలుగుతుందో లేదో చూడాలి. అసలు వెలగకపోతే ఎవరో దాన్ని తీసేసి ఉండవచ్చు. కోడ్ అప్పుడే చెరిపి ఉంటే స్కానర్‌లో 'రెడీనెస్' పరీక్షలు పూర్తికానట్టు కనిపిస్తాయి. అలాంటప్పుడు ఒకటి రెండు రోజులు నడిపాక మళ్లీ చూపించమని అమ్మేవారిని అడగండి.