బి-కాంప్లెక్స్: బలానికి కాదు, లోపానికి

నీరసంగా ఉన్నా, నోరు పూసినా, కాళ్లు తిమ్మిరెక్కినా మందుల దుకాణంలో అడిగి తెచ్చుకునే బి-కాంప్లెక్స్ మాత్ర బలానికి మందని చాలామంది నమ్ముతారు గాని, బి వర్గంలోని ఎనిమిది విటమిన్లలో ఏది లోపించిందో దాన్ని పూరించడమే తప్ప, ఏ లోపమూ లేనివారికి అది అదనంగా ఇచ్చే శక్తి ఏమీ లేదు. మాత్ర వేసుకున్నాక మూత్రం పసుపుపచ్చగా రావడం కూడా వేడి చేసినందువల్ల కాదు. ఒంటికి అక్కరలేని రైబోఫ్లేవిన్, అంటే బి2, బయటికి పోవడం వల్ల.

వీటిలో ఎక్కువగా పట్టించుకోవలసినది బి12. పాలు, గుడ్లు, చేపలు, మాంసంలో లభించే ఈ విటమిన్ రక్తంలోకి చేరాలంటే జీర్ణాశయంలో ఊరే ‘ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్’ అనే ప్రొటీన్ తోడు కావాలి కనుక, శాకాహారులకే గాక, ఆ ప్రొటీన్ సరిగా ఊరనివారికి, మధుమేహానికి మెట్‌ఫార్మిన్‌ను ఏళ్ల తరబడి వాడేవారికి కూడా దీని లోపం రావచ్చు. కాలేయంలోని నిల్వలు కొన్నేళ్లపాటు ఆదుకోవడంతో లోపం ఆలస్యంగా బయటపడుతుంది. అరికాళ్ల తిమ్మిర్లు, తూలుడు, మతిమరుపు కనిపించినా వయసు మీదపడిందని సరిపెట్టుకోవడం పరిపాటి.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నేతృత్వంలో అమెరికాలోని లెడర్లే బృందం 1945లో కృత్రిమంగా తయారుచేసిన ఫోలిక్ ఆమ్లం, అంటే బి9, గర్భధారణకు కనీసం నెల ముందు నుంచి మొదటి మూడు నెలల వరకు రోజుకు 400 మైక్రోగ్రాముల చొప్పున తీసుకుంటే శిశువుకు మెదడు, వెన్నుపాము లోపాల ముప్పు తగ్గుతుంది. అయితే బి12 లోపం ఉన్నవారికి ఇదొక్కటే ఇస్తే రక్తహీనత తగ్గినట్టు కనిపిస్తుందే గాని, లోలోపల నరాలు దెబ్బతింటూనే ఉంటాయి. అందుకే ముందు పరీక్ష, తరవాతే మాత్ర అన్న క్రమం అవసరం.

క్షయకు వాడే ఐసోనియాజిడ్ వల్ల నరాలు దెబ్బతినకుండా వైద్యులు ఇచ్చే బి6నే పెద్ద మోతాదులో దీర్ఘకాలం మింగితే అదే నరాలకు చేటు తెస్తుంది. దీని గరిష్ఠ పరిమితి పెద్దలకు రోజుకు అమెరికాలో 100 మిల్లీగ్రాములు కాగా, ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2023లో దాన్ని 12కే కుదించింది. నరాల బలానికంటూ అమ్మే మాత్రల్లో ఇది ఎంత ఉందో అట్టమీద చదవక తప్పదు. ఇదే బి వర్గానికి చెందిన, జుట్టు కోసం వాడే బయోటిన్ పెద్ద మోతాదులో ఉంటే థైరాయిడ్ పరీక్షలను, గుండెపోటును గుర్తించే ట్రోపోనిన్ పరీక్షను తప్పుదారి పట్టించగలదు కాబట్టి, అది వాడేవారు రక్తం ఇచ్చే ముందే ఆ సంగతి వైద్యునికి చెప్పాలి.