సాహసం – స్నేహం – సంసారం

మానవ సంబంధాలలో స్నేహానికి ప్రత్యేక స్థానం ఉంది. రక్తసంబంధం పుట్టుకతో వస్తుంది. వివాహబంధం పెద్దల సమక్షంలో చేసిన ప్రమాణంతో ఏర్పడుతుంది. స్నేహానికి పుట్టుక గాని, ప్రమాణం గాని ఆధారం కాదు. నమ్మకమే దానికి ఆధారం. ఆపదలో విడిచిపెట్టకపోవడం సన్మిత్రుని లక్షణాలలో ఒకటని భర్తృహరి చెప్పాడు. పర్వతారోహకుల విషయంలో ఈ మాట అక్షరాలా నిజం. ఒకే తాడును నడుములకు కట్టుకొని మంచుపై నడిచే ఇద్దరిలో ఒకరు జారితే రెండవవాడే దిక్కు. అయితే ఆ ఇద్దరికీ ఇంటివద్ద భార్యాబిడ్డలు ఉంటే, కొండమీది ప్రమాదంలో వారికి కూడా భాగం ఉంటుంది. న్యూజిలాండ్‌కు చెందిన ఎడ్మండ్ హిల్లరీ, పీటర్ మల్‌గ్రూ అనే మిత్రుల జీవితాలు ఈ విషయాన్ని స్పష్టం చేస్తాయి.

హిల్లరీ 1919లో జన్మించాడు. తేనెటీగల పెంపకం ఆయన కుటుంబ వృత్తి. 1953 మే 29న టెన్జింగ్ నార్గేతో కలిసి ఎవరెస్టు శిఖరాన్ని అధిరోహించి ప్రపంచఖ్యాతి పొందాడు. అదే సంవత్సరం సెప్టెంబరు 3న లూయీ రోజ్ అనే యువతిని వివాహమాడాడు. పెళ్లితో ఆయన యాత్రలు ఆగలేదు. మరుసటి సంవత్సరమే మళ్లీ హిమాలయాలకు వెళ్లాడు. ఆ తరువాత అంటార్కిటికా యాత్ర ఆయనను ఏడాదికి పైగా ఇంటికి దూరం చేసింది.

ఆ యాత్రలో హిల్లరీకి తోడుగా నిలిచినవారిలో మల్‌గ్రూ ఒకడు. ఆయన నౌకాదళానికి చెందినవాడు. యాత్రలో రేడియో నిర్వహణ బాధ్యత ఆయనది. అయిదుగురు సభ్యుల బృందం మూడు వ్యవసాయ ట్రాక్టర్లపై మంచు ఎడారిలో దాదాపు 2,000 కిలోమీటర్లు ప్రయాణించి, 1958 జనవరి 4న దక్షిణ ధ్రువాన్ని చేరింది. మంచుకింద దాగిన అగాధాలు ఏ క్షణంలోనైనా ట్రాక్టర్లను మింగివేయగల దారి అది. అటువంటిచోట పక్కవాని ఓర్పు, నిజాయితీ, భయం ఏవీ దాగవు. పట్టణంలో ఏళ్ల తరబడి కలిసి తిరిగినా తెలియని స్వభావం, అక్కడ కొద్దివారాలలోనే బయటపడుతుంది. సాహసయాత్రలలో ఏర్పడిన స్నేహాలు గట్టిగా నిలవడానికి కారణం ఇదే. హిల్లరీ, మల్‌గ్రూల స్నేహం వారి కుటుంబాలకు కూడా విస్తరించింది. మల్‌గ్రూ భార్య జూన్, లూయీ కూడా మిత్రులయ్యారు.

1961లో ఈ మిత్రులు మకాలు పర్వతంపైకి వెళ్లారు. ప్రపంచంలోని ఎత్తైన శిఖరాలలో అది అయిదవది. దానిని ప్రాణవాయువు సిలిండర్లు లేకుండా ఎక్కాలని వారి సంకల్పం. ఎనిమిదివేల మీటర్లు దాటిన తరువాత గాలిపీడనం సముద్రమట్టంలో ఉన్నదానిలో మూడవ వంతుకు పడిపోతుంది. నాయకుడైన హిల్లరీ అస్వస్థుడై ముందే కిందికి దిగవలసి వచ్చింది. శిఖరం మరికొంత దూరంలో ఉందనగా మల్‌గ్రూ ఊపిరితిత్తులలో రక్తం గడ్డకట్టి కుప్పకూలిపోయాడు. సహచరులు, షెర్పాలు తమ ప్రాణాలను లెక్కచేయక ఆయనను కిందికి చేర్చారు. ప్రాణం దక్కింది గాని, మంచుకాటుకు గురైన రెండు కాళ్లనూ మోకాళ్ల దిగువన తొలగించవలసి వచ్చింది.

పర్వతంపై మిత్రుల కర్తవ్యం కొన్ని రోజులలో ముగిసింది. ఇంటివద్ద కర్తవ్యం అప్పుడే మొదలైంది. కృత్రిమ పాదాలతో నడక నేర్చుకోవడం, నొప్పిని భరించడం, కుటుంబాన్ని తిరిగి నిలబెట్టుకోవడం మల్‌గ్రూ ఒక్కడి వల్ల అయ్యే పనులు కావు. శిఖరానికి వెళ్లాలన్న నిర్ణయం ఆయనది, ఫలితం ఇంటిల్లిపాదిదీ. అయినా ఆయన కుంగిపోలేదు. తన అనుభవాలను 1964లో గ్రంథంగా ప్రకటించాడు. తెరచాప పడవల పోటీలలో పాల్గొని పేరు తెచ్చుకున్నాడు.

హిల్లరీ యాత్రల స్వభావం కూడా క్రమంగా మారింది. 1961లో నేపాల్‌లోని ఖుంజుంగ్‌లో షెర్పా బాలలకు పాఠశాల నిర్మించాడు. తరువాత మరెన్నో పాఠశాలలు, వైద్యశాలలు, వంతెనలు వెలిశాయి. భార్యాబిడ్డలు కూడా ఆయన వెంట నేపాల్ దారులలో నడిచారు. ఆ కుటుంబయాత్ర విశేషాలను లూయీ గ్రంథంగా రాసింది. ఇంటినుంచి దూరంగా తీసుకుపోయిన మార్గమే ఇంటివారందరికీ మార్గమైంది.

అయితే విధి వేరుగా తలచింది. ఫాప్లూలో వైద్యశాల నిర్మిస్తున్న హిల్లరీని కలుసుకోవడానికి బయలుదేరిన లూయీ, చిన్న కుమార్తె బెలిండా 1975 మార్చి 31న ఖాట్మండు వద్ద విమానం కూలి మరణించారు. ఎన్నో ప్రమాదాలనుంచి బయటపడిన హిల్లరీ ఈ దెబ్బకు తల్లడిల్లిపోయాడు. 1977లో ఆయన మిత్రులతోనూ, కుమారుడు పీటర్‌తోనూ కలిసి గంగాసాగర్ నుంచి జెట్ పడవలపై గంగానదికి ఎదురు ప్రయాణం చేశాడు. దుఃఖంలో ఉన్నవానికి ఓదార్పు మాటలకన్నా తోడుగా నడిచే మనుషులు ఎక్కువ అవసరమవుతారు.

1979 నవంబరు 28న న్యూజిలాండ్ నుంచి అంటార్కిటికా అందాలను చూపే విహార విమానం బయలుదేరింది. ప్రయాణికులకు విశేషాలు వివరించడానికి హిల్లరీ వెళ్లవలసి ఉంది. ఇతర కార్యక్రమాలవల్ల ఆయన వెళ్లలేకపోయాడు. ఆయన స్థానంలో మల్‌గ్రూ వెళ్లాడు. విమానం ఎరెబస్ పర్వతాన్ని ఢీకొని 257 మంది దుర్మరణం పాలయ్యారు.

ఇద్దరు మిత్రుల ఇళ్లలో ఒక్కొక్కరు మిగిలారు. 1980లలో హిల్లరీ భారతదేశంలో న్యూజిలాండ్ హైకమిషనర్‌గా పనిచేసినప్పుడు జూన్ ఢిల్లీలో ఆయనకు తోడుగా ఉంది. 1989లో వారు వివాహం చేసుకున్నారు. ఉభయులూ పోగొట్టుకున్నవారిని ఎరిగిన మనుషుల మధ్య ఏర్పడిన బంధం అది. హిల్లరీ 2008లో మరణించేవరకు అది కొనసాగింది.

పెళ్లి అయినంత మాత్రాన పురుషుడు స్నేహాన్ని, సాహసాన్ని విడిచిపెట్టవలసిన పనిలేదని ఈ చరిత్ర తెలుపుతుంది. అయితే వెళ్లేవాడు ప్రమాదాన్ని తానే ఎంచుకుంటాడు. ఎదురుచూసేవారికి ఆ అవకాశం ఉండదు. కొండపై మిత్రుని ప్రాణాన్ని కాపాడటం గొప్ప గుణమే. ఆ మిత్రుని ఇంట దీపం ముందు ఎదురుచూసేవారిని కూడా తలచుకొని అడుగువేయడం అంతకన్నా గొప్ప గుణం.