గేరు పడకపోతే తప్పంతా గేరుబాక్సుదేనా?

మలేసియాలోని పెరాక్ రాష్ట్రంలో, సుంగై సిపుట్ చుట్టుపక్కల లారీకి వయసు మీరినా విశ్రాంతి ఉండదు. లింతాంగ్, జాలోంగ్, లాసా వైపు తోటల నుంచి పామాయిల్ గెలలు, రబ్బరు, కూరగాయలు మోసే పాత హీనోలు, ఇసుజులు, నిస్సాన్లు ఇప్పటికీ రోడ్డు మీదే ఉన్నాయి. దారి సగం తారు, సగం ఎర్రమట్టి. వాన ఏడాది పొడవునా ఉండేదే. ఇలాంటి లారీలు మరమ్మతు షెడ్డుకు, అంటే బెంగ్కెల్‌కు వచ్చినప్పుడు డ్రైవరు నోట ఎక్కువగా వినపడేవి రెండు మాటలు: గేరు పడటం లేదు, కింద ఆయిలు కారుతోంది.

రెండింటికీ తొందరగా దొరికే సలహా ఒకటే, గేరుబాక్సు దించేద్దామని. జపాన్ నుంచి వచ్చిన వాడిన గేరుబాక్సులు పాత సామాన్ల దుకాణాల్లో దొరుకుతాయి కాబట్టి ఆ సలహా సులువుగానూ కనిపిస్తుంది. కానీ ఈ రెండు జబ్బులకూ కారణం చాలాసార్లు గేరుబాక్సు బయటే ఉంటుంది. బయటి కారణం అలాగే ఉండిపోతే, మార్చిన గేరుబాక్సు కూడా నెల తిరగకముందే మొరాయిస్తుంది. అందుకే వెతికే క్రమం ముఖ్యం. గేరు సమస్యను బయటి నుంచి లోపలికి వెతకాలి. ఆయిలు లీకును పైనుంచి కిందికి వెతకాలి.

ముందు ఇంజను ఆపి చూడండి

లారీని చదును నేల మీద నిలిపి, చక్రాలకు అడ్డు పెట్టి, ఇంజను ఆపండి. క్లచ్ తొక్కి అన్ని గేర్లూ ఒక్కొక్కటిగా వేసి చూడండి. ఒకటి రెండు గేర్లు పడకపోతే కంగారు పడొద్దు. లోపల పన్నుకు పన్ను ఎదురుపడి ఉండవచ్చు. అడ్డు తీసి, లారీని కాస్త ముందుకో వెనక్కో కదిపి మళ్లీ ప్రయత్నించండి. తర్వాత ఇంజను నడుస్తుండగా ఇదే పని చేయండి. ఖర్చు లేని ఈ పరీక్షతో సగం సంగతి తేలిపోతుంది.

ఇంజను ఆపినప్పుడు తేలిగ్గా పడే గేర్లు, ఇంజను నడుస్తుంటే గరగరమంటూ మొండికేస్తే, అందులోనూ మొదటి గేరు, రివర్సు ఎక్కువగా ఏడిపిస్తే, అనుమానం క్లచ్ మీదికి పోవాలి. పెడల్ పూర్తిగా తొక్కినా క్లచ్ ప్లేటు ఇంజనును పూర్తిగా విడవడం లేదని అర్థం. దీన్ని తేల్చుకోవడానికి ఇంకో మార్గం ఉంది. క్లచ్ తొక్కిపట్టి కొన్ని క్షణాలు ఆగి రివర్సు వేయండి. క్లచ్ బాగా విడిచి ఉంటే ఈలోగా లోపలి షాఫ్టు ఆగిపోతుంది, గేరు చప్పుడు లేకుండా పడుతుంది. ఎంతసేపు ఆగినా గరగరమంటోందంటే షాఫ్టు ఇంకా తిరుగుతూనే ఉందన్నమాట.

పెడల్‌ను రెండు మూడుసార్లు వెంటవెంటనే తొక్కితే గేరు పడుతోందా? అయితే క్లచ్ హైడ్రాలిక్ పైపులో గాలి చేరి ఉండవచ్చు. డబ్బాలో ద్రవం తగ్గిందేమో చూడండి. గేరుబాక్సు పక్కనుండే చిన్న సిలిండరు మీది రబ్బరు తొడుగును కొంచెం వెనక్కి లాగండి. లోపల తడి ఉంటే సిలిండరులోని రబ్బరు కప్పు పోయినట్టే. ఈ ద్రవానికి గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. ఇక్కడి ఉక్కలో ఏళ్ల తరబడి మార్చకుండా వదిలేస్తే సిలిండరు లోపల తుప్పు పట్టి కొత్త కప్పును కూడా కోసేస్తుంది. కప్పు మార్చడం, గాలి తీయడం, పెడల్ ప్లే సరిచేయడం, ఇవన్నీ గేరుబాక్సును కదపకుండా అయ్యే పనులే.

గేరు రాడ్డు నుంచి గేరుబాక్సు దాకా

ఇంజను ఆపినా నడిపినా గేరు ఒకేలా బిగుసుకుంటే, లేదా గేరు రాడ్డు ఏ గేరులో ఉందో చేతికి తెలియనంత వదులుగా ఊగుతుంటే, లింకేజీ చూడాలి. మూతి బల్లపరుపుగా ఉండి, క్యాబిన్ ముందుకు వంగే లారీల్లో డ్రైవరు చేతికీ గేరుబాక్సుకూ మధ్య దూరం ఎక్కువ. ఆ దూరాన్ని పొడవాటి రాడ్లో, కేబుళ్లో కలుపుతాయి. రాడ్డు మలుపు తిరిగే ప్రతిచోటా ఒక బుష్షో, బాల్ జాయింటో ఉంటుంది. ఒక్కో బుష్షులో కొంచెం లూజు వచ్చినా అన్నీ కలిసేసరికి గేరు రాడ్డు జానెడు ఊగుతుంది, గేరుబాక్సు మీది చేయి మాత్రం అంగుళం కూడా జరగదు.

దీనికి ఇద్దరు కావాలి. ఒకరు పైన కూర్చుని గేర్లు వేస్తుంటే, ఇంకొకరు కింద నుంచి ఏ జాయింటు దగ్గర కదలిక పోతోందో చూడాలి. అరిగిన బుష్షు మార్చి, గ్రీజు పెట్టి, గేరు రాడ్డూ గేరుబాక్సూ రెండూ న్యూట్రల్‌లో ఉండగా పొడవు సరిచేస్తే చాలా లారీలు దారికి వస్తాయి. కేబుల్ రకమైతే చివరి రబ్బరు తొడుగు చిరిగిందేమో చూడండి. అక్కడి నుంచి నీరు, మట్టి లోపలికి పోయి తీగ తుప్పు పడుతుంది. ఇంజను, గేరుబాక్సు మౌంటింగులు కుంగినా ఇదే బాధ. బరువు మీద ఎక్కేటప్పుడు ఇంజను కదులుతుంది, దాంతో లింకేజీ కొలత తప్పుతుంది.

గేరు పడి, తర్వాత దానంతటదే న్యూట్రల్‌కు వచ్చేస్తే అది వేరే జబ్బు. ముందు లింకేజీ గేరును చివరిదాకా పోనిస్తోందో లేదో చూడాలి. అది సరిగ్గా ఉంటే, గేరును దాని స్థానంలో పట్టి ఉంచే చిన్న గుండు, స్ప్రింగుల మీదికి దృష్టి పోవాలి. చాలా గేరుబాక్సుల్లో వీటిని పై మూత తీస్తేనో, పక్క ప్లగ్గు విప్పితేనో అందుకోవచ్చు. ఇవీ బాగుంటే మిగిలేవి అరిగిన ఫోర్కు, గుండ్రబడిన పళ్లు, పోయిన బేరింగు. అప్పుడు మాత్రం గేరుబాక్సు దించక తప్పదు.

నడుస్తుండగా ఒక్క గేరు మాత్రమే గరగరమంటే ఆ గేరు సింక్రోనైజరు అరిగింది. దాని పని తేలిగ్గా అర్థమయ్యేదే. కదిలే బస్సు ఎక్కేవాడు బస్సుతోపాటు నాలుగడుగులు పరిగెత్తి ఎక్కినట్టు, రెండు పళ్ల చక్రాలు కలిసే ముందు వాటి వేగాన్ని ఒకటి చేసేది ఈ ఇత్తడి రింగు. 1928లో కాడిలాక్ కార్లలో మొదట వచ్చిన ఏర్పాటు ఇది. మలేసియా అడవుల్లో దుంగలు మోసిన పాత సైనిక లారీలకు, ఇక్కడివాళ్లు శాన్ తాయ్ వోంగ్ అని పిలిచేవాటికి, ఆ సౌకర్యం లేదు. ఆనాటి డ్రైవర్లు ఆ పని కాలితో చేసేవారు. క్లచ్ తొక్కి న్యూట్రల్‌కు తెచ్చి, క్లచ్ వదిలి, గేరు దించేటప్పుడైతే కాస్త యాక్సిలరేటరు ఇచ్చి, మళ్లీ క్లచ్ తొక్కి గేరు వేసేవారు. అరిగిన సింక్రోనైజరుతో లారీని నడుపుకుంటూ, మరమ్మతుకు డబ్బు కూడేదాకా లోపలి పళ్లను కాపాడుకోవడానికి ఆ డబుల్ క్లచ్ విద్య ఇప్పటికీ పనికొస్తుంది.

కారేది ఏ ఆయిలు?

లీకు దగ్గర మొదటి ప్రశ్న ఎక్కడి నుంచి అన్నది కాదు, ఏది అన్నది. రాత్రి లారీ కింద అట్టముక్క పరిచి పొద్దున చూడండి. నల్లగా, పలుచగా ఉంటే డీజిల్ ఇంజను ఆయిలు, ఇక్కడి మాటలో మిన్యాక్ హితామ్. చిక్కగా ఉండి గంధకం వాసన కొడితే గేరాయిలు. ఎర్రగా ఉంటే చాలా లారీల్లో పవర్ స్టీరింగుది. నీళ్లలా ఉండి రంగుతో తీపి వాసన వేస్తే రేడియేటరు కూలంటు. చక్రం లోపలి వైపున జారుడుగా, పలుచగా తడి కనిపిస్తే బ్రేకు ద్రవం కావచ్చు. అలా అనిపిస్తే లారీని కదపకూడదు.

ఆ తర్వాతే చోటు వెతకాలి. ఆయిలు కిందికి పారుతుంది, లారీ నడుస్తుంటే గాలి దాన్ని వెనక్కి తోస్తుంది. అందుకే కింద చుక్క పడేచోటు లీకు చోటు కాకపోవచ్చు. ఇంజను వాల్వు కవరు గ్యాస్కెట్ నుంచి కారిన ఆయిలు ఇంజను వెనకవైపు దిగి, చాంబరు (ఇంజను అడుగున ఆయిలు నిలిచే పెట్టె) మీదుగా వచ్చి, వెనక సీలు పోయినట్టు భ్రమ కలిగిస్తుంది. ఆ భ్రమలో గేరుబాక్సు దించి సీలు మార్చినా చుక్క ఆగదు. మురికినంతా కడిగి, ఆరబెట్టి, అనుమానం ఉన్నచోట పౌడరు చల్లి, కొంతదూరం నడిపి తెచ్చి చూడండి. తడిసిన చోట్లలో అన్నిటికన్నా పైన, ముందువైపున ఉన్నదే అసలు చోటు.

ఊపిరాడని పెట్టె

తోట దారుల్లో తిరిగే లారీలకు ప్రత్యేకమైన కారణం ఒకటుంది. గేరుబాక్సు మీద, వెనక డిఫరెన్షియల్ మీద బ్రీదరు అనే చిన్న గొట్టమో మూతో ఉంటుంది. లోపల వేడెక్కి వ్యాకోచించిన గాలి దాని గుండానే బయటికి పోవాలి. ఎర్రమట్టి దాన్ని పూడ్చేస్తే ఆ ఒత్తిడి సీళ్లను తోసుకుని ఆయిలును బయటికి నెడుతుంది. సీలు కొత్తదైనా కారుతుంది. వేడిగా ఉన్న డిఫరెన్షియల్ ఏటి నీటిలో దిగితే దీనికి ఎదురు జరుగుతుంది. లోపలి గాలి ముడుచుకుని, సీళ్ల సందుల్లోంచి నీటిని లాక్కుంటుంది. ఆయిలు పాలు కలిపిన కాఫీ రంగులోకి మారితే నీరు చేరినట్టే. కాబట్టి ఏ సీలు కొనడానికైనా ముందు బ్రీదరు విప్పి, డీజిల్‌తో కడిగి, ఊది చూడాలి. ఇంజను క్రాంక్‌కేసు గాలి పోయే గొట్టానికీ ఇదే వర్తిస్తుంది.

సీలు నిజంగానే పోతే షాఫ్టును గోటితో తడిమి చూడండి. పాత సీలు అంచు ఏళ్ల తరబడి రాసుకుని గాడి పెట్టి ఉంటే, కొత్త సీలు అదే గాడిలో కూర్చుని మళ్లీ కారుతుంది. చోటుంటే సీలును కాస్త ముందుకో వెనక్కో కూర్చోబెట్టాలి, లేదా షాఫ్టుకు పలుచని ఉక్కు స్లీవు తొడగాలి. చాంబరు గ్యాస్కెట్ కారుతోందని బోల్టులను బలంకొద్దీ బిగించడం మరో పొరపాటు. రేకు అంచు వంగిపోతుంది, కార్కు చిట్లుతుంది. అంచును సమంగా కొట్టి, కొత్త గ్యాస్కెట్ వేసి, బోల్టులను ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించాలి. సిలికాన్ పేస్టు మితిమీరితే లోపలికి ఊడిపడి ఆయిలు పంపు జల్లెడను మూసేస్తుంది.

రెండు జబ్బులు కలిసేచోటు

ఇంజనుకూ గేరుబాక్సుకూ మధ్య క్లచ్ హౌసింగు అడుగున ఒక చిన్న రంధ్రం ఉంటుంది. అక్కడ చుక్క కనిపిస్తే దాని వాసన చూడండి. నల్లటి ఇంజను ఆయిలైతే క్రాంక్ వెనక సీలు, గంధకం వాసనైతే గేరుబాక్సు ముందు సీలు. రెండింటిలో ఏదైనా ఆయిలు క్లచ్ ప్లేటు మీద పడితే ఎక్కుడులో క్లచ్ జారుతుంది, కదిలేటప్పుడు లారీ వణుకుతుంది. ఇంకోవైపు, చుక్కలు చుక్కలుగా పోయిన గేరాయిలు లోపలి బేరింగులను, ఇత్తడి రింగులను ఎండబెడుతుంది. ఈరోజు పట్టించుకోని లీకు కొన్నాళ్లకు గేరు జబ్బుగా బయటపడేది ఇలాగే.

గేరాయిలు మట్టాన్ని పక్కనున్న ప్లగ్గు విప్పి వేలితో చూడాలి. రంధ్రం కింది అంచుదాకా ఉండాలి. ఆయిలు మార్చేటప్పుడు ముందు పోసే ప్లగ్గు విప్పండి, తర్వాతే కింది ప్లగ్గు తీయండి. ఆయిలంతా వదిలేశాక పై ప్లగ్గు బిగుసుకుపోయి రాకపోతే లారీ అక్కడే నిలిచిపోతుంది. కింది ప్లగ్గు అయస్కాంతానికి బూడిదరంగు మెత్తని ముద్ద అంటుకోవడం మామూలే. ఉక్కు పెచ్చులు, పంటి ముక్కలు వస్తే గేరుబాక్సు విప్పే సమయం వచ్చింది. ఆయిల్లో ఇత్తడి మెరుపు కనిపిస్తే సింక్రోనైజర్లు అరుగుతున్నాయి. డిఫరెన్షియల్‌కు వాడే జీఎల్-5 ఆయిలును, తయారీదారు జీఎల్-4 అడిగిన గేరుబాక్సులో పోయకండి. అందులోని రసాయనాలు కొన్ని ఇత్తడికి పడవు. జారుడు ఎక్కువై సింక్రో రింగు పట్టు కూడా తప్పుతుంది.

తీసిన పాత ఆయిలును కాలువలో పోస్తే అది చేరేది సుంగై ప్లుస్‌కు, అక్కడి నుంచి పెరాక్ నదికి. మలేసియా 2005 నిబంధనల్లో వాడిన లూబ్రికేటింగ్ ఆయిలు ఎస్‌డబ్ల్యూ 305 సంఖ్యతో ప్రమాదకర వ్యర్థాల జాబితాలో ఉంది. డబ్బాలో పట్టి, అనుమతి ఉన్న సేకరణదారుకే ఇవ్వాలి.

ఏది ఆగుతుంది, ఏది ఆగదు

అన్ని మరమ్మతులూ ఒకేరోజు చేయించే స్తోమత అందరికీ ఉండదు. వాల్వు కవరు దగ్గర చెమర్చే ఆయిలు, వదులైన బుష్షు, నడుస్తుండగా గరగరమనే ఒక గేరు, ఇవి మట్టం చూసుకుంటూ ఉంటే ఆదివారం దాకా ఆగుతాయి. గేరు దానంతటదే జారిపోవడం, చక్రం డ్రమ్ములోకి హబ్బు సీలు నుంచి ఆయిలు దిగడం, బ్రేకు ద్రవం కారడం మాత్రం ఆగవు. కువాలా కంగ్సార్ దగ్గర ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కి ఈపో వైపు వస్తే, మెనోరా సొరంగం తర్వాత పెద్ద దిగుడు ఉంది. దాని చివర ఒకప్పుడు ఉన్న జెలాపాంగ్ టోల్ గేటును పదేపదే జరిగిన ప్రమాదాల తర్వాత 2009లో ఎత్తేశారు. బరువుతో ఆ దిగుడు దిగే లారీని అదుపులో ఉంచేది తక్కువ గేరులో ఇంజను ఇచ్చే పట్టు. గేరు న్యూట్రల్‌లోకి జారితే బరువంతా బ్రేకుల మీద పడుతుంది, ఆ బ్రేకులకు ఆయిలు అంటి ఉంటే ఇక పట్టేదేమీ ఉండదు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆ రోజు కిరాయి వదులుకోవాల్సిందే.