ఒబామాకేర్‌పై సామాజిక మాధ్యమాల స్పందన: 2009 నుంచి 2017 వరకు

అమెరికా ఆరోగ్య బీమా సంస్కరణ చట్టంపై అధ్యక్షుడు బరాక్ ఒబామా 2010 మార్చి 23న సంతకం చేశారు. కాగితం మీద దాని పేరు అఫర్డబుల్ కేర్ యాక్ట్, జనం నోట మాత్రం ఒబామాకేర్. బిల్లు కాంగ్రెస్‌లో నలుగుతున్న 2009 నాటికే ఫేస్‌బుక్, ట్విటర్ సామాన్యుల వాడుకలోకి వచ్చేశాయి. దాంతో ఇంటింటికీ సంబంధించిన ఒక చట్టం గురించి లక్షల మంది ఆన్‌లైన్‌లో వాదులాడుకోవడం అప్పుడే పెద్ద ఎత్తున కనిపించింది. ఆ వాదనను వరసగా చూస్తే, మొదట్లో రాబోయే మార్పు మీద ఉన్న భయమే, కొన్నేళ్లకు చేతికందినది పోతుందన్న భయంగా మారిందని తెలుస్తుంది.

2009 ఆగస్టు 7న అలాస్కా మాజీ గవర్నర్ సారా పేలిన్ తన ఫేస్‌బుక్ పేజీలో ఒక పోస్టు పెట్టారు. వృద్ధులకూ వికలాంగులకూ వైద్యం అందాలా వద్దా అన్నది ఇకపై ప్రభుత్వ ‘డెత్ ప్యానెల్’ తేలుస్తుందని అందులో ఆరోపించారు. బిల్లులో అలాంటి ప్యానెల్ ఏదీ లేదు. ఉన్నదల్లా ఒక చిన్న నిబంధన. చివరి దశలో తమకు ఎలాంటి వైద్యం కావాలో, వెంటిలేటర్ వద్దనుకుంటే ఆ మాట ముందుగా ఎలా రాసిపెట్టుకోవాలో వృద్ధుల ప్రభుత్వ బీమా మెడికేర్‌లో ఉన్నవారు ఇష్టమైతే డాక్టరుతో మాట్లాడుకోవచ్చు, అందుకు డాక్టరు ఫీజు మెడికేర్ ఇస్తుంది. వివరణ చదివే ఓపిక ఎవరికీ లేకపోయింది, రెండు మాటల ఆరోపణ మాత్రం దేశమంతా తిరిగింది. వాస్తవాలను సరిచూసే పొలిటిఫ్యాక్ట్ సంస్థ దాన్ని ఆ ఏటి మేటి అబద్ధంగా ప్రకటించింది. అయినా ఆ నిబంధన తుది చట్టంలో చోటు దక్కించుకోలేదు. అలాంటి సంప్రదింపులకు మెడికేర్ ఫీజు చెల్లించడం 2016 జనవరిలో గానీ మొదలు కాలేదు.

ఆ ఆగస్టులోనే గొడవ అట్లాంటిక్ దాటింది. బ్రిటన్‌కు చెందిన కన్సర్వేటివ్ నేత డేనియల్ హానన్ ఈ బిల్లుపై చర్చలో భాగంగా అమెరికా టీవీలో తమ దేశపు ప్రభుత్వ వైద్య వ్యవస్థ ఎన్‌హెచ్ఎస్‌ను తప్పుబట్టారు. దానికి జవాబుగా ఎన్‌హెచ్ఎస్ అంటే తమకెంత ప్రేమో చెప్పే హ్యాష్‌ట్యాగ్ ట్విటర్‌లో మొదలైంది. ప్రధాని గోర్డన్ బ్రౌన్ కూడా గొంతు కలిపారు.

సెప్టెంబర్ మొదట్లో సంస్కరణను సమర్థించేవారి వంతు వచ్చింది. వైద్యానికి డబ్బు లేక ఎవరూ చనిపోకూడదని, జబ్బు చేసినందుకు ఎవరూ దివాలా తీయకూడదని, ఒప్పుకునేవారు దీన్ని ఆ రోజంతా తమ స్టేటస్‌గా ఉంచాలని కోరే సందేశం ఫేస్‌బుక్‌లో గోడ నుంచి గోడకు పాకింది. ఫేస్‌బుక్ పరిశోధకులు తర్వాత లెక్క తీస్తే, 11 లక్షలకు పైగా స్టేటస్‌లలో ఆ సందేశం 1.2 లక్షల రూపాల్లో కనిపించింది. వ్యతిరేకులు అదే వాక్యాన్ని తిప్పి, ప్రభుత్వం వైద్యంలో వేలు పెట్టినందుకు ఎవరూ చావకూడదని రాసుకున్నారు. మరికొందరు బీరును, జాంబీలను అందులో ఇరికించి నవ్వులాటగా మార్చేశారు.

చట్టం మాటల్లోంచి చేతల్లోకి దిగాక పోస్టుల తీరు మారింది. బీమా కొనుక్కునే ప్రభుత్వ వెబ్‌సైట్ హెల్త్‌కేర్ డాట్ గవ్ 2013 అక్టోబర్ 1న తెరుచుకుంది, వెంటనే మొరాయించింది. మొదటి రోజు నమోదు పూర్తి చేయగలిగింది ఆరుగురేనని తర్వాత బయటపడింది. ఎర్రర్ పేజీల ఫొటోలు, జోకులు వెల్లువెత్తాయి. జోకుల కన్నా గట్టిగా తగిలింది వేరే ఉంది. కొత్త ప్రమాణాలకు సరిపోని పాలసీలను రద్దు చేస్తున్నట్టు బీమా కంపెనీలు లక్షల మందికి ఉత్తరాలు పంపాయి. నచ్చిన పాలసీని ఎవరైనా ఉంచుకోవచ్చని ఒబామా పదేపదే ఇచ్చిన మాట ఆ ఉత్తరాలతో తేలిపోయింది. ఆ ఏడు పొలిటిఫ్యాక్ట్ అబద్ధాల పట్టికలో మొదటి స్థానం ఆ మాటకే దక్కింది. యువతను రప్పించేందుకు 2014 మార్చిలో ఒబామా స్వయంగా జాక్ గాలిఫియనాకిస్ హాస్య వీడియో కార్యక్రమంలో కూర్చున్నారు. ఏప్రిల్ నడిమికి నమోదులు 80 లక్షలకు చేరాయి.

2017లో చట్టాన్ని రద్దు చేసే ప్రయత్నం మొదలయ్యేసరికి గాలి ఎదురు తిరిగింది. అప్పటికి పాత జబ్బు ఉందన్న సాకుతో కంపెనీలు బీమా నిరాకరించే రోజులు పోయాయి, చట్టం పోతే అవి మళ్లీ వస్తాయన్న భయం పట్టుకుంది. మే 1న టీవీ వ్యాఖ్యాత జిమ్మీ కిమ్మెల్ గుండె లోపంతో పుట్టిన తన బిడ్డ ఆపరేషన్ గురించి కంటతడితో చెప్పిన వీడియోను కోట్ల మంది చూశారు. మే 4న ప్రతినిధుల సభ 217-213 ఓట్లతో రద్దు బిల్లును ఆమోదించగానే, తమ జబ్బుల పేర్లు రాసి ‘ప్రీ-ఎగ్జిస్టింగ్ కండిషన్ (పాత జబ్బు) నేనే’ అనే హ్యాష్‌ట్యాగ్‌తో జనం పోస్టులు పెట్టారు. మధుమేహం, క్యాన్సర్, ఆస్తమా వంటివి దాచుకునే సంగతులు కాకుండా పోయి సాక్ష్యాలయ్యాయి. జులై 28న సెనేట్‌లో రిపబ్లికన్ సభ్యుడు జాన్ మెక్‌కెయిన్ బొటనవేలు కిందికి చూపడంతో రద్దు ప్రయత్నం 49-51తో వీగిపోయింది.

అయితే పోస్టుల హోరును ప్రజాభిప్రాయంగా లెక్కించకూడదు. గట్టిగా కోపమో భయమో ఉన్నవారే ఎక్కువగా రాస్తారు. కైజర్ ఫ్యామిలీ ఫౌండేషన్ సర్వేల్లో చట్టంపై అభిప్రాయం ఏళ్ల తరబడి రెండుగా చీలే ఉంది. సమర్థించేవారు వ్యతిరేకులను స్థిరంగా మించడం 2017 నుంచే మొదలైంది.

అమెరికాలోని తెలుగు కుటుంబాలకు ఈ చట్టం ఎక్కువగా తగిలేది రెండు చోట్ల. పిల్లలు 26 ఏళ్లు నిండేదాకా తల్లిదండ్రుల పాలసీలో కొనసాగవచ్చు. ఇంటి యజమాని ఉద్యోగం పోయి కంపెనీ బీమా ఆగిపోతే, వార్షిక గడువుతో నిమిత్తం లేకుండా 60 రోజుల్లో మార్కెట్‌ప్లేస్ (హెల్త్‌కేర్ డాట్ గవ్ లాంటి ప్రభుత్వ బీమా వేదిక) పాలసీ కొనుక్కోవచ్చు. విజిటర్ వీసాపై వచ్చే అమ్మానాన్నల సంగతి వేరు. వారికి మార్కెట్‌ప్లేస్ వర్తించదు. పాత జబ్బులను కాదనకూడదన్న నియమం వారు కొనే ట్రావెల్ పాలసీలకూ లేదు. వాటిలో చాలా పాలసీలు పాత బీపీ, షుగర్ వైద్యాన్ని పక్కన పెట్టి, ఉన్నట్టుండి విషమించిన సందర్భానికి మాత్రమే, అదీ ఒక పరిమితి వరకే చెల్లిస్తాయి. గ్రీన్‌కార్డుపై వచ్చినవారు మార్కెట్‌ప్లేస్ పాలసీ కొనుక్కోవచ్చు. కానీ అమెరికాలో ఉద్యోగం చేయని తల్లిదండ్రులు 65 దాటినా మెడికేర్‌లో డబ్బు కట్టి చేరాలంటే సాధారణంగా అక్కడ అయిదేళ్లు ఏకధాటిగా నివసించి ఉండాలి.