తెడ్డు పడవకే అందే కోరంగి పాయలు

ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వసిష్ఠ అనే ప్రధాన పాయలుగా చీలి సముద్రం వైపు సాగుతుండగా, గౌతమి నుంచి విడివడిన కోరంగి పాయ కాకినాడకు దక్షిణాన మడ అడవుల్లోకి ప్రవేశించి సన్నని కాలువలుగా అల్లుకుంటుంది. 1978లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించిన ఈ ప్రాంతంలోని ఇరుకు కాలువల స్వభావం, తెడ్డు వేసుకుంటూ చిన్న పడవలో నిదానంగా సాగినప్పుడే బాగా బోధపడుతుంది.

సముద్రపు నీరు ఎగువకు ఎక్కే పోటును, వెనుదిరిగే ఆటును అనుసరించి ప్రయాణ వేళలు నిర్ణయించుకుంటే శ్రమ తగ్గుతుంది. ఆటు వేళ గట్ల మీద శ్వాసవేర్లు, అంటే గాలి చొరని బురదలో పాతుకున్న తెల్లమడ చెట్లకు ప్రాణవాయువు అందించేందుకు నిటారుగా పైకి పొడుచుకువచ్చే వేళ్లు, బారులు తీరి కనిపిస్తాయి. వాటి నడుమ చిన్న బురదచేపలు ముందరి రెక్కలనే ఊతంగా చేసుకుని పాకుతుంటాయి.

అలల ఉద్ధృతిని తగ్గించి తీరానికి అండగా నిలిచే ఈ అడవిలోకి అటవీశాఖ అనుమతితో, స్థానిక పడవవారి తోడుతో వెళ్లడమే క్షేమకరం, అడవికీ మేలు.