గీతలకు గీటురాయి

బాన్సువాడ చుట్టుపక్కల ఊళ్లలో దుబాయికో మస్కట్‌కో పోదామనుకునే కుర్రవాడు పాస్‌పోర్టుకు దరఖాస్తు పెట్టాక ఫోనులో పదేపదే చూసుకునేది పదమూడు అక్షరాల నంబరు ఒకటి. పాస్‌పోర్టు స్పీడ్ పోస్టులో వస్తుంది. ఆ నంబరు కవరు మీద రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి మనం చదువుకునే అంకెలు, రెండోది యంత్రం చదువుకునే నల్లగీతలు. కుర్రవాడి కళ్లు అంకెల మీదుంటాయి కానీ, కవరు ఎక్కడుందో అతనికి చెప్పేవి ఆ గీతలే. మజిలీ మజిలీకీ ఎవరో ఒకరు వాటి మీద ఎర్రటి వెలుతురు వేస్తారు. గీతలు పలికితే ఫోనులో కబురు మారుతుంది. పలకకపోతే గుమాస్తా అంకెలు చూసి చేత్తో కొట్టాలి. పని ఒత్తిడిలో అదీ జరగకపోతే కవరు కదులుతూనే ఉంటుంది, కబురు మాత్రం నిన్నటి దగ్గరే ఆగిపోతుంది.

అందుకే ఆ గీతలను ఏ ప్రింటరు అచ్చువేసింది, ఏ సాఫ్ట్‌వేర్ గీయించింది, ఆ రెండింటినీ పరీక్షించి సరేనన్నది ఎవరు అన్న ప్రశ్నలు చిన్నవి కావు. బార్‌కోడ్ పుట్టుక గురించి చాలామంది రాశారు. దాన్ని అచ్చువేసే యంత్రానికి పరీక్ష ఎలా మొదలైందో చెప్పేవాళ్లు తక్కువ.

పుట్టుక కథ క్లుప్తంగా చెప్పుకుందాం. అమెరికాలో మయామీ బీచ్ ఇసుకలో కూర్చున్న నార్మన్ జోసెఫ్ వుడ్‌ల్యాండ్, టెలిగ్రాఫు వాళ్ల మోర్స్ చుక్కలనూ అడ్డగీతలనూ వేళ్లతో కిందికి లాగి చూశాడు. సన్నగీతలు, మందగీతలు వచ్చాయి. మిత్రుడు బెర్నార్డ్ సిల్వర్‌తో కలిసి 1949 అక్టోబరులో పేటెంటుకు దరఖాస్తు చేశాడు. 1952లో అది మంజూరైంది. కానీ చదవడానికి తగిన లేజరూ చవకైన కంప్యూటరూ అప్పటికి లేవు. 1974 జూన్ 26న ఒహాయో రాష్ట్రంలోని ట్రాయ్ పట్టణంలో ఒక చూయింగ్ గమ్ ప్యాకెట్టు దుకాణం కౌంటరు దాటేదాకా ఆ ఆలోచన ఎదురుచూడాల్సి వచ్చింది. 1981లో వచ్చిన కోడ్ 128 టపాకు బాగా నప్పింది. అందులో ఒక్కో గుర్తుకు మూడు నల్లగీతలు, మూడు తెల్ల ఖాళీలు. అన్నీ కలిపి పదకొండు పాళ్ల వెడల్పు. ఒక్కో గీత ఒక పాలు నుంచి నాలుగు పాళ్ల దాకా ఉండొచ్చు. అర్థమంతా ఆ వెడల్పుల నిష్పత్తిలోనే ఉంటుంది. ఈ మాట గుర్తుంచుకోవాలి, ప్రింటరుకు పరీక్ష పెట్టేది ఇక్కడే.

టపాలోకి గీతలు రావడంతో అసలు చిక్కు మొదలైంది. 1980లలో అమెరికా తపాలా శాఖ పోస్ట్‌నెట్ అనే గీతలు తెచ్చింది. ఒక్కో అంకెకు ఐదు గీతలు, అందులో రెండు పొడుగు, మూడు పొట్టి. మొదట చిరునామా చదివి గీతలు వేసే యంత్రాలు తపాలా శాఖ దగ్గరే ఉండేవి. తర్వాత వాళ్లు ఇంకో అడుగు వేశారు. బిల్లులు, ప్రకటనలు లక్షల్లో పంపే సంస్థలు గీతలు తామే అచ్చువేసుకొస్తే రుసుములో రాయితీ ఇస్తామన్నారు. అంతవరకూ గీసేవాడూ చదివేవాడూ ఒకే ఇంటివాళ్లు. గీత చెడితే పక్క గదిలోకి వెళ్లి చెప్పేవాళ్లు. ఇప్పుడు గీసేవాళ్లు వేలమంది. ఒక్కొక్కరి ప్రింటరు, సిరా, సాఫ్ట్‌వేర్ వేరు. రాయితీ తీసుకుని చదవడానికి వీల్లేని గీతలు వేస్తే ఆ కవర్లను చేత్తో వేరుచేసే కూలి తపాలా శాఖ మీద పడుతుంది.

దానికి జవాబుగానే పరీక్షలు వచ్చాయి. మెంఫిస్ నగరంలోని తపాలా శాఖ కేంద్రం ఈ పని చూస్తుంది. చిరునామాలు సరిచేసే సాఫ్ట్‌వేర్‌కు అక్కడ పరీక్ష పెడతారు. పార్శిల్ లేబుళ్లు వేయదలచినవాళ్లు నమూనాలు పంపితే, గీతల్లో దాగిన సమాచారం కుదురుగా ఉందా, అచ్చు నాణ్యంగా ఉందా చూసి అనుమతిస్తారు. 2000 తర్వాత మెర్లిన్ అనే యంత్రం టపా స్వీకరించే చోటికే వచ్చి కూర్చుంది. తెచ్చిన కట్టలోంచి కొన్ని కవర్లు దానికి తినిపిస్తే ఎన్ని చదవగలిగిందో చెప్పేది. పోస్ట్‌నెట్ తర్వాత వచ్చిన కొత్త గీతల్లో నాలుగు రకాల రూపాలతో 65 గీతలుంటాయి, వాటిలో 31 అంకెల దాకా ఇమిడిపోతాయి. ఆ గీతలు గీసే ఎన్‌కోడర్‌నూ ఫాంట్లనూ అక్కడి తపాలా శాఖ ఉచితంగా ఇచ్చింది. నాకు ఈ నిర్ణయం చాలా నచ్చింది. తప్పు పట్టుకునే యంత్రంతో పాటు తప్పు చేయకుండా ఉండే సాధనాన్ని కూడా ఇవ్వడం న్యాయం.

మన వైపుకు వద్దాం. 1972 ఆగస్టు 15న పిన్‌కోడ్ మొదలైంది. దాని వెనక ఉన్న శ్రీరామ్ భికాజీ వేలంకర్ సంస్కృత కవి కూడా. బాన్సువాడ పిన్ 503187. మొదటి 5 దక్షిణాదిలో తెలుగు, కన్నడ రాష్ట్రాలకు చెందిన జోన్. 503 అంటే నిజామాబాద్ వైపు సార్టింగ్ జిల్లా. 2016లో కామారెడ్డి కొత్త జిల్లా అయి, బాన్సువాడ అందులోకి వెళ్లినా పిన్ మారలేదు. చివరి మూడంకెలు బట్వాడా చేసే పోస్టాఫీసును చూపుతాయి. పిన్‌లో తప్పు కనిపెట్టే ఏర్పాటు లేదు. ఒక అంకె మారితే ఉత్తరం వేరే ఊరికి నిశ్చింతగా వెళ్లిపోతుంది.

స్పీడ్ పోస్టు నంబరు అలా కాదు. బెర్న్‌లోని ప్రపంచ తపాలా సంఘం ఎస్10 ప్రమాణం ప్రకారం అది ముందు రెండు అక్షరాలు, తర్వాత ఎనిమిది అంకెలు, ఒక తనిఖీ అంకె, చివర దేశం గుర్తు రెండక్షరాలు. మనది ఐఎన్, దుబాయి నుంచి వచ్చేదానికి ఏఈ. తనిఖీ అంకె లెక్క కాగితం మీద ఎవరైనా చేయొచ్చు. ఉదాహరణకు బాన్సువాడ పిన్‌కు రెండు సున్నాలు చేర్చి 50318700 అనుకుందాం. ఈ అంకెలను వరసగా 8, 6, 4, 2, 3, 5, 9, 7తో గుణించి కూడితే 113. దాన్ని 11తో భాగిస్తే 3 మిగులుతుంది. 11లోంచి 3 తీస్తే 8. అదే తనిఖీ అంకె. చేత్తో కొట్టేటప్పుడు 1, 8 తారుమారయ్యాయనుకోండి, మొత్తం 106 అవుతుంది, తనిఖీ అంకె 4 రావాలి. కవరు మీద 8 ఉంది కాబట్టి కంప్యూటరు తప్పని ఆపేస్తుంది. సాఫ్ట్‌వేర్‌కు పెట్టే మొదటి పరీక్ష ఇదే: ఈ లెక్క ప్రతిసారీ సరిగా చేస్తుందా, ఒకసారి ఇచ్చిన నంబరు మళ్లీ ఇవ్వదు కదా?

ఒకప్పుడు పోస్టాఫీసులకు ముందే అచ్చయిన స్టిక్కర్ల చుట్టలు వచ్చేవి. గుమాస్తా ఒకటి ఒలిచి అంటించి స్కాన్ చేసేవాడు. ఆ స్టిక్కర్లు ఒక్కచోట అచ్చయ్యేవి కాబట్టి నాణ్యం చూడటం తేలిక. ఇప్పుడు పెద్ద ఎత్తున టపా పంపే సంస్థలకు తపాలా శాఖ నంబర్ల వరసలు కేటాయిస్తే, అవి సొంత ప్రింటర్ల మీద లేబుళ్లు తీసుకుంటాయి. అమెరికాకు ఎదురైన చిక్కే ఇక్కడా వచ్చింది.

లేబుళ్లు తీసేది ఎక్కువగా థర్మల్ ప్రింటరు. దానికి సిరా ఉండదు. వరసగా పేర్చిన సూక్ష్మమైన వేడి చుక్కల కింద కాగితం జరుగుతుంటే, వేడి తగిలినచోట నల్లబడుతుంది. మామూలు ప్రింటరులో మిల్లీమీటరుకు ఎనిమిది చుక్కలు. అంటే ఒక్కో చుక్క 0.125 మిల్లీమీటరు. సాఫ్ట్‌వేర్ రాసినవాడు సన్నగీత వెడల్పు 0.33 మిల్లీమీటరు ఉండాలని రాశాడనుకోండి. అది 2.64 చుక్కలు. ప్రింటరు అరా కొరా చుక్క వేయలేదు. కాబట్టి ఒక గీతకు మూడు చుక్కలు, ఇంకో గీతకు రెండు వేస్తుంది. రెండూ ఒకే వెడల్పులో ఉండాల్సిన గీతలు! మన కంటికి ఆ తేడా కనిపించదు. కానీ వెడల్పుల నిష్పత్తి మీదే బతికే కోడ్ 128కు అది పెద్ద దెబ్బ. వెడల్పు 0.25 అనో 0.375 అనో అడిగి ఉంటే ఈ బాధే లేదు. సాఫ్ట్‌వేర్ మంచిదే, ప్రింటరూ మంచిదే, జత మాత్రం చెడ్డది. అందుకే రెండింటినీ విడివిడిగా పాస్ చేసే ధ్రువీకరణ నా దృష్టిలో సగం పనే. ధ్రువీకరించాల్సింది జతను, దానిలో వాడే కాగితంతో సహా.

అచ్చు నాణ్యం కొలవడానికి ఐఎస్ఓ 15416 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. వెరిఫయర్ అనే పరికరం బార్‌కోడ్‌ను పది వేర్వేరు ఎత్తుల్లో అడ్డంగా చూస్తుంది. నలుపు, తెలుపుల మధ్య తేడా ఎంత, గీతల అంచులు పదునుగా ఉన్నాయా, తెల్ల ఖాళీల్లో మచ్చలున్నాయా, వెడల్పులు ఎంత కుదురుగా ఉన్నాయి, ఇలా ఒక్కో గుణానికి మార్కు వేస్తుంది. వెలుతురు తేడా 70 శాతం దాటితే ఎ, 20 కంటే తగ్గితే ఫెయిల్. ఇందులో ఒక నియమం నాకు ఎంతో గౌరవం కలిగిస్తుంది. ఒక్కో చూపులో అన్ని గుణాల్లోకీ తక్కువగా వచ్చిన మార్కే ఆ చూపు మార్కు. నలుపు ఎంత చిక్కగా ఉన్నా చెదిరిన అంచు లోటు పూడదు. ఆ పది చూపుల సగటు తుది మార్కు.

మామూలు స్కానరు చదివింది కదా అని వెరిఫయర్ పరీక్ష మానేసేవాళ్లున్నారు. కొత్త లేబుల్‌ను మంచి స్కానరు ఎలాగైనా చదువుతుంది. నలిగి, మడతపడి, తడి ఆరిన లేబుల్‌ను చివరి మజిలీలో పాత పరికరం చదవాలి. నిజాంసాగర్ కాలువ కింద సేద్యం చేసే బాన్సువాడ రైతుకు ఇది వివరించక్కర్లేదు. ఎగువ తూము దగ్గర పోయిన నీటి లోటు తెలిసేది ఆయకట్టు చివరి మడిలోనే. హైదరాబాద్‌లో అచ్చయిన లేబుల్‌కు అక్కడ వచ్చిన మార్కు ప్రయాణంలో తగ్గుతూ వస్తుంది కానీ పెరగదు.

ప్రింటరు కూడా అలాగే తరుగుతుంది. థర్మల్ తలలో ఒక చుక్క కాలిపోతే కాగితం జరిగే దిశలో పొడుగునా సన్నని తెల్ల చార పడుతుంది. గీతలు ఆ దిశలోనే ఉంటే ఒక సన్నగీత మొత్తం మాయం కావొచ్చు. గీతలను అడ్డంగా తిప్పి అచ్చువేస్తే ప్రతి గీతలో చిన్న తెంపు మాత్రమే పడుతుంది, పక్కన చూసి చదువుకోవచ్చు. లేబుల్ నమూనా గీసేవాళ్లు ఈ ఒక్క జాగ్రత్త తీసుకుంటే ఎన్నో కవర్లు దారి తప్పవు. ధ్రువపత్రం ఇచ్చిన రోజు బతికున్న చుక్క ఆరు నెలలకు చచ్చిపోవచ్చు కాబట్టి, పరీక్షకు గడువు ఉండాలి.

థర్మల్ కాగితానికి ఇంకా శత్రువులున్నాయి. ఎక్కువకాలం వేడిలో ఉంటే తెల్లటి నేల మసకబారుతుంది. ఎండకు గీతలు వెలుస్తాయి. నూనె తగిలితే నలుపే కరిగిపోతుంది. మన ఇళ్లనుంచి వెళ్లే పార్శిళ్లలో ఆవకాయ ఎంత మామూలో చెప్పక్కర్లేదు. రిబ్బను వేడెక్కి దానిలోని నలుపు కాగితానికి అంటుకునే రకం ప్రింటరు లేబుళ్లు ఈ మూడింటినీ మెరుగ్గా తట్టుకుంటాయి, కాస్త ఖర్చెక్కువ.

గీతల మీద పడే భారం కూడా పెరుగుతోంది. 2017 డిసెంబరులో మొదలైన దర్పణ్ పథకంతో పల్లె పోస్టాఫీసుల్లోకి చేతి పరికరాలు వచ్చాయి. 2025లో రిజిస్టర్డ్ పోస్టు స్పీడ్ పోస్టులో కలిసిపోయింది. కోర్టు నోటీసుల వంటి రిజిస్టరు టపా కూడా ఇప్పుడు ఆ దారిలోనే వస్తుంది. అదే ఏడాది మే నెలలో వచ్చిన డిజిపిన్ పది అక్షరాల్లో సుమారు నాలుగు మీటర్ల చదరపు గడిని చూపుతుంది. దాన్ని తపాలా శాఖతో కలిసి తయారుచేసినవి హైదరాబాద్ ఐఐటీ, అదే నగరంలోని ఇస్రో వారి రిమోట్ సెన్సింగ్ కేంద్రం. లేబుల్ మీద ఇలాంటి వివరాలు పెరిగేకొద్దీ గీతల పక్కకు చతురస్రపు కోడ్‌లు వస్తాయి. వాటిలో కొంత భాగం చెరిగినా మిగిలినదాన్ని బట్టి లెక్కగట్టి చదవొచ్చు, కాకపోతే వాటికి కెమెరా ఉన్న స్కానరు కావాలి, అచ్చు కొలిచే ప్రమాణమూ వేరే, ఐఎస్ఓ 15415. కోడ్ తయారుచేయగల ప్రయోగశాలలు హైదరాబాద్‌లో ఉన్నప్పుడు లేబుల్‌ను పరీక్షించడం వాటికి కష్టం కాదు. నమూనా లేబుళ్లను చల్లటి గదిలో కొలిచి ఊరుకోకుండా, మే నెల ఎండలో వారం రోజులు సంచిలో ఉంచి, మీద నాలుగు చుక్కల నువ్వుల నూనె వేసి, ఆ తర్వాత మార్కు వేయాలి.